ఎడారి చలిలో ఆటోనగర్ బండి: అద్దె క్యాంపర్ వ్యాన్‌లో పన్నెండు రాత్రులు

గత సంక్రాంతి సెలవుల్లో మేము ఆరుగురం, అంటే అత్తగారు, మామగారు, మావారు, నేను, పదకొండేళ్ల బాబు, ఏడేళ్ల పాప, గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటి ముందు బండి ఎక్కి, రాజస్థాన్‌లోని థార్ ఎడారి దాకా వెళ్లి, మళ్లీ అదే ఇంటి ముందు దిగాము. జనవరి 7వ తేదీ తెల్లవారుజామున బయలుదేరి 19వ తేదీ రాత్రికి తిరిగి వచ్చాము. ఈ పన్నెండు రాత్రులలో ఒక్క రాత్రి కూడా హోటల్ గది తీసుకోలేదు. వండుకున్నా, పడుకున్నా, పిల్లల చేత బడి లెక్కలు చేయించినా అంతా విజయవాడలోని ఒక సంస్థ దగ్గర అద్దెకు తీసుకున్న క్యాంపర్ వ్యాన్‌లోనే. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలు మన కోస్తా ఎండను మనసులో పెట్టుకొని కట్టిన ఏ బండిలోనైనా ఉండగలవు కాబట్టి, ఎవరి దగ్గర అద్దెకు తీసుకునేవారైనా ముందుగా చూసుకోవలసిన విషయాలుగానే వీటిని చెబుతున్నాను.

రైలులో జోధ్‌పూర్ వెళ్లి అక్కడ కారు మాట్లాడుకోవచ్చు కదా అని బంధువులు చాలామంది అడిగారు. మాకు క్యాంపర్ కావలసి వచ్చిన కారణం ఒక్కటే. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. కింద కూర్చోలేరు, రెండు గంటలకు ఒకసారి బాత్రూమ్‌కు వెళ్లాలి, దారిలో పెట్రోల్ బంకుల్లో కమోడ్ ఉంటుందన్న భరోసా లేదు. ఈ భయం వల్లే గత ఆరేళ్లలో ఆవిడ తిరుపతి దాటి ఎక్కడికీ రాలేదు. కమోడ్ తనతోపాటే వస్తుందని చెప్పిన తరువాతనే ఆవిడ ప్రయాణానికి ఒప్పుకున్నారు. ఈ సమీక్షలో నేను ఎన్ని లోపాలు చెప్పినా, ఆ బండి ఆవిడను ఎడారి దాకా తీసుకువెళ్లి క్షేమంగా ఇంటికి చేర్చిందన్న మాట వాటన్నిటికంటే ముందు చెప్పవలసినది.

ఖర్చు సంగతి త్వరగా చెప్పేస్తాను. రోజుకు 9,000 రూపాయల అద్దె, అందులోనే డ్రైవర్ జీతం. డీజిల్, టోల్, డ్రైవర్ బత్తా మావి. మొత్తం 4,600 కిలోమీటర్లు తిరిగాము, లీటరుకు ఎనిమిదిన్నర కిలోమీటర్ల చొప్పున ఇచ్చింది. అన్నీ కలిపి లక్షా ఎనభై వేల దాకా అయింది. ఆరుగురికి రానుపోను ప్రయాణం, రెండేసి గదులు, అక్కడ తిరగడానికి కారు, మూడు పూటలా బయటి భోజనం లెక్క వేసుకుంటే ఇది ఎక్కువేమీ కాదు, తక్కువ కూడా కాదు. డబ్బు ఆదా అవుతుందని క్యాంపర్ తీసుకోవాలనుకునేవారు మాత్రం ఆ ఆలోచన మానుకోవడం మంచిది.

బండి ఫోర్స్ ట్రావెలర్ ఛాసిస్ మీద విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో బాడీ కట్టినది. లారీ బాడీలు, బస్సు బాడీలు కట్టడంలో మన ఆటోనగర్ పనివాళ్లకు ఉన్న చెయ్యి ఈ బండిలో అడుగడుగునా కనిపిస్తుంది. తలుపుల బిగువు, డ్రాయర్ల గొళ్లేలు, మడత బల్ల కింద వేసిన ఇనుప ఊత, అన్నీ గట్టి పని. నాలుగున్నర వేల కిలోమీటర్ల ప్రయాణంలో ఒక్క గొళ్లెం ఊడలేదు, ఒక్క చెక్క కిర్రుమనలేదు. లోపల వెనకవైపు అడ్డంగా ఒక పెద్ద మంచం, దాని పైన ఒక బెర్త్, మధ్యలో పడక అయ్యే సోఫా, పక్కన వంటగట్టు, సింకు, చిన్న ఫ్రిజ్, తలుపు దగ్గర కమోడ్ ఉన్న బాత్రూమ్. ఆరుగురు పడుకోవచ్చని సంస్థవారు చెప్పారు. నా అనుభవంలో నలుగురు పెద్దలు, ఒక చిన్న బిడ్డ హాయిగా పడుకోగలరు. ఆరో మనిషికి సోఫా అంచే దిక్కు.

దారిలో గడిచిన రోజుల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. హైదరాబాద్, షోలాపూర్, నాసిక్, సూరత్, పాలన్‌పూర్ మీదుగా జోధ్‌పూర్ చేరడానికి నాలుగు రోజులు పట్టింది. రోజుకు ఐదు వందల కిలోమీటర్లకు మించి నడపనని డ్రైవర్ గారు మొదటే చెప్పారు, ఆ మాట మీదే నిలబడ్డారు. రాత్రుళ్లు పెద్ద ధాబాల ఆవరణల్లో ఆపుకున్నాము. అప్పటివరకు బండి మీద మాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. షోలాపూర్‌లో ఫ్యాను వేసుకొని పడుకున్నాము కూడా.

నాలుగు రోజులు తెలియనిది ఐదో రాత్రి తెలిసింది. 11వ తేదీ సాయంత్రం ఫలోదీ పక్కన ఖీచన్ అనే ఊరికి చేరాము. ప్రతి చలికాలం మంగోలియా, మధ్య ఆసియా ప్రాంతాల నుంచి హిమాలయాలు దాటి వేలాది కొంగలు ఇక్కడికి వస్తాయి. అక్కడివారు వాటిని కుర్జాలు అంటారు. ఊరివాళ్లు తరతరాలుగా వాటికి గింజలు చల్లుతున్నారు, తెల్లవారగానే గుంపులు గుంపులుగా గింజల దొడ్డిలో దిగుతాయి. వాటిని చూడాలంటే పొద్దున్నే అక్కడ ఉండాలి కనుక ఊరి చివర బండి ఆపుకొని పడుకున్నాము. కొంగలు దిగే చోటికి నాలుగు అడుగుల దూరంలో నిద్రలేవడం హోటల్‌లో దిగినవారికి దొరికే భాగ్యం కాదు, క్యాంపర్ ఉన్నవారికే దొరుకుతుంది. కానీ ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

బాబు బడిలో సైన్సు ప్రాజెక్టు కోసం కొన్న గోడ థర్మామీటరు వెంట తెచ్చుకున్నాడు. తెల్లవారుజామున ఐదు గంటలకు అది బండి బయట 4 డిగ్రీలు, లోపల 9 డిగ్రీలు చూపించింది. గుంటూరులో డిసెంబరు, జనవరి నెలల్లో 17, 18 డిగ్రీలకు దిగితేనే మనం మంకీ క్యాప్ వెతుక్కుంటాము. సంస్థవారు ఇచ్చిన రగ్గులు రైలులో ఏసీ బోగీలో ఇచ్చేపాటివి, మేము తెచ్చుకున్న బొంతలు కలిపినా సరిపోలేదు. జైసల్మేర్ ప్రాంతంలో జనవరి రాత్రుళ్లు సగటున 7, 8 డిగ్రీలు ఉంటాయని, కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి కూడా దిగుతాయని మాకు ముందే తెలుసు. కానీ బండిలో హీటర్ ఉందని సంస్థవారు చెప్పిన మాట మీద నిశ్చింతగా ఉన్నాము.

చలి కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టినది తడి. పై బెర్త్‌లో పడుకున్న పాప తెల్లవారుజామున లేచి, అమ్మా, వాన కురుస్తోందని పిలిచింది. టార్చి వేసి చూస్తే కప్పు పొడి గానే ఉంది, కానీ ప్లైవుడ్‌ను బిగించిన ప్రతి స్క్రూ తల మీద ఒక నీటిబొట్టు వేలాడుతోంది. జానెడుకొకటి చొప్పున కొలిచి పెట్టినట్టు వరుసగా, కప్పు ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక్కొక్క ఉక్కు తలకు ఒక్కొక్క బొట్టు. పాప దిండు మీద అవి పడిన చోట రూపాయి బిళ్లంత తడి మచ్చలు. పక్క గోడలు చేత్తో తాకితే పరుపు వెనకాల అరచెయ్యి అంతా తడి అయింది. కారణం తరువాత బోధపడింది. మూసిన తలుపుల మధ్య ఆరుగురం రాత్రంతా వదిలిన ఊపిరిలోని ఆవిరి ఎక్కడికీ పోలేక, లోపల ఏది అన్నిటికన్నా చల్లగా ఉంటే దాని మీద నీరుగా మారుతుంది. ప్లైవుడ్ వెచ్చగా ఉన్నా, స్క్రూలు దాని గుండా బయటి రేకు వరకు వెళ్లి బయటి చలిని లోపలికి తెస్తున్నాయి. మరుసటి రాత్రి నుంచి పైన ఉన్న గాలి కిటికీని రెండు వేళ్ల సందు తెరిచి ఉంచాము. ఎడారి గాలి పొడిగా ఉంటుంది కనుక తడి చాలావరకు తగ్గింది. దానితోపాటు లోపల ఉన్న కాస్త వెచ్చదనం కూడా బయటికి పోయింది.

ఇక హీటర్. ఇది ఈ సమీక్షకు అసలు విషయం, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. బండిలో ఇచ్చినది 1,500 వాట్ల మామూలు ఎలక్ట్రిక్ రూమ్ హీటర్. బండి బ్యాటరీ 12 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ల లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ రకం. మంచి బ్యాటరీ, అందులో నిండా నిలవ ఉండేది దాదాపు రెండున్నర యూనిట్ల కరెంటు. ఈ హీటర్ గంటకు ఒకటిన్నర యూనిట్లు తాగుతుంది, ఇన్వర్టర్‌లో పోయేది అదనం. అంటే నిండు బ్యాటరీ మీద కూడా గంటన్నర తిరిగేసరికి హీటర్ ఆగిపోతుంది, దానితోపాటు ఫ్రిజ్, దీపాలు, నీళ్ల పంపు కూడా. పైకప్పు మీద 300 వాట్ల సోలార్ పలక ఉంది. చలికాలపు ఏటవాలు ఎండలో, బల్లపరుపుగా పడుకోబెట్టిన ఆ పలక నుంచి రోజంతా కలిపి మాకు ఒక యూనిట్ వస్తే గొప్ప. ఫ్రిజ్‌కు, దీపాలకు, ఫోన్లకు అది సరిగ్గా సరిపోయింది, పగలు బండి నడుస్తున్నప్పుడు ఇంజిను నుంచి కూడా బ్యాటరీ నిండేది. హీటర్ లేకుండా ఉంటే ఈ బండి కరెంటు ఏర్పాటుకు నేను నూటికి తొంభై మార్కులు వేస్తాను. కానీ ఆ హీటర్ బయట ప్లగ్ పాయింట్ దొరికిన చోట మాత్రమే పనికివస్తుంది, ఎడారిలో అలాంటి చోటు దొరకడం కష్టం.

సమ్ ఇసుక తిన్నెల దగ్గర గుడారాల క్యాంపులు చాలా ఉన్నాయి. జైసల్మేర్‌కు పడమరగా 40 కిలోమీటర్లు. అక్కడ ఒక క్యాంపువారు కొంత రుసుము తీసుకొని ఆవరణలో బండి పెట్టుకోనిచ్చారు, ప్లగ్ కూడా ఇచ్చారు. అయితే అది మన ఇంట్లో ఫోన్ ఛార్జింగ్‌కు వాడే 5 ఆంపియర్ల పాయింట్. హీటర్ పూర్తిగా వేయగానే ఎంసీబీ పడిపోయింది. సగానికి తగ్గించి వేసుకుంటే నిలబడింది. అర్ధరాత్రి దాటాక క్యాంపు జనరేటర్ ఆపేశారు, మా హీటర్ కూడా ఆగింది. జైసల్మేర్ దగ్గరే ఇసుక తిన్నెలున్న ఇంకో ఊరు ఖూరీ. అక్కడ ఆపిన రాత్రి అసలు ప్లగ్గే లేదు. చలి దేశాలలో ఇలాంటి బండ్లకు డీజిల్ హీటర్ పెడతారు. అది బండి ట్యాంకులోని డీజిల్‌నే చిన్నగా కాల్చి, పొగను గొట్టం ద్వారా బయటికి పంపి, వేడి గాలిని మాత్రమే లోపలికి ఊదుతుంది. దానికి కరెంటు ఫ్యాను తిరగడానికి కావలసినంతే చాలు. క్యాంపర్ అద్దెకు తీసుకునేవారు హీటర్ ఉందా అని అడిగి ఊరుకోకుండా, అది దేనితో నడుస్తుందని, రాత్రంతా ఎన్ని గంటలు నడుస్తుందని అడగాలి. నేను ఈ ప్రశ్న అడగలేదు. సంస్థవారు కూడా తామంతట తాము చెప్పలేదు. వారు అబద్ధం చెప్పారని నేను అనను. వారికి కూడా ఆ బండిని అంత చలిలో నడిపిన అనుభవం లేదని తరువాత ఒప్పుకున్నారు. కానీ ఎడారికి, అదీ జనవరిలో వెళుతున్నామని తెలిసి బండి ఇచ్చినప్పుడు ఆ లెక్క వేసి చూడవలసిన బాధ్యత వారిదే.

సమ్‌లో పడుకున్న రాత్రికి మరుసటి రోజు భోగి. పాప కోసం అత్తగారు గుంటూరులోనే పిడకల దండ గుచ్చి సంచిలో పెట్టుకొచ్చారు. తెల్లవారుజామున క్యాంపువారు ఇచ్చిన పాత చెక్కపెట్టెలతో ఇసుకలో చిన్న మంట వేసి, పిల్లల చేత దండలు వేయించాము. క్యాంపులో పనిచేసే కుర్రవాళ్లు కూడా వచ్చి చేతులు కాచుకున్నారు. ఆ వారం మొత్తంలో మేమందరం నిజంగా వెచ్చబడినది ఆ ఒక్క గంటే. మంట ఆరిన తరువాత మామగారు ఆ నిప్పులను ఒక మట్టి మూకుడులో వేసి, కుంపటిలా బండి లోపల పెడదామన్నారు. డ్రైవర్ గారు చేతులు అడ్డం పెట్టి, వద్దు పెద్దాయనా, మూసిన బండిలో బొగ్గు పెడితే ప్రాణం పోతుందని ఆపారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గాలి ఆడని చోట రగిలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, నిద్రలో ఉన్నవారికి అది సోకినట్టు తెలియనే తెలియదు. ఉత్తరాదిన ప్రతి చలికాలం మూసిన గదుల్లో బొగ్గుల కుంపటి పెట్టుకొని కుటుంబాలకు కుటుంబాలు చనిపోయిన వార్తలు చదువుతూనే ఉంటాము. గ్యాస్ పొయ్యి ఉన్న ఈ బండిలో ఆ విషవాయువును పసిగట్టే అలారం లేదు. ఇది నా దృష్టిలో హీటర్ లేకపోవడం కన్నా పెద్ద లోపం. చలికి నిద్ర చెడుతుంది, అంతే. అలారం లేకపోతే నిద్రలేవకపోవచ్చు.

నీళ్ల విషయంలో మాత్రం సంస్థవారి ఏర్పాటు నన్ను ఆశ్చర్యపరిచింది. 120 లీటర్ల మంచినీళ్ల ట్యాంకు, 80 లీటర్ల వాడిన నీళ్ల ట్యాంకు, రెండిటికీ లోపల కనిపించే మీటర్లు. కృష్ణా కాలువల పక్కన పుట్టి పెరిగిన మనకు నీళ్లు కొలిచి వాడే అలవాటు లేదు. మొదటి రోజు గిన్నెలు కడిగేసరికి మీటరు నాలుగో వంతు పడిపోయింది. మూడో రోజుకు పిల్లలు కూడా ఒక చెంబుతో పళ్లు తోముకొని ముఖం కడుక్కోవడం నేర్చారు. ఆరుగురికి, డ్రైవర్ గారికి కలిపి రోజుకు 60 లీటర్లతో సరిపెట్టగలిగాము, అంటే ట్యాంకు నిండా రెండు రోజులు. ఎడారిలో చాలా చోట్ల భూగర్భ జలం ఉప్పగా ఉంటుంది. బంకులో ఉచితంగా దొరికింది కదా అని నింపేసుకోకూడదు, ముందు నోట్లో వేసుకొని చూడాలి. తియ్యని నీళ్లు దొరికిన చోట అవి కాలువ నీళ్లని స్థానికులు చెప్పారు. పంజాబ్‌లో సట్లెజ్, బియాస్ కలిసే చోట ఉన్న హరికే బ్యారేజీ నుంచి దాదాపు 650 కిలోమీటర్లు ప్రవహించి ఇందిరా గాంధీ కాలువ జైసల్మేర్ జిల్లా దాకా వస్తుంది. ఇరిగేషన్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన మామగారు ఆ మాట విన్న తరువాత ట్యాంకు నింపుతున్న పైపు దగ్గరే నిలబడి, చివరి చుక్క దాకా చూసి గానీ లోపలికి రాలేదు.

బాత్రూమ్ కోసమే బండి తీసుకున్నామని చెప్పాను కదా. కమోడ్ అడుగున 20 లీటర్ల పెట్టె ఉంటుంది, బయటి నుంచి లాగి తీసి ఖాళీ చేయాలి. వాసన రాకుండా ఒక నీలం రంగు ద్రావకం పోయాలి. అత్తగారు, పిల్లలు మాత్రమే వాడితే రెండు రోజులు వచ్చింది, అందరం వాడిన రోజు సాయంత్రానికే నిండింది. దాన్ని ఖాళీ చేయడానికి మన దేశంలో దారిపొడవునా ప్రత్యేక స్థలాలంటూ లేవు. ధాబాల్లో, క్యాంపుల్లో యజమానిని అడిగి వారి మరుగుదొడ్డిలోనే పోశాము, ప్రతిచోటా యాభయ్యో వందో ఇచ్చి, శుభ్రంగా కడిగి వచ్చాము. మావారు ఈ పని అంతా తనదేనని మొదటి రోజే తీసుకున్నారు, ఒక్క రోజు కూడా విసుక్కోలేదు. ఎడారిలో ఎవరూ చూడడం లేదు కదా అని ఇసుకలో పారబోసే ఆలోచన మాత్రం దయచేసి ఎవరూ చేయకండి. అక్కడ వాన అరుదు, అలా పోసినది ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ద్రావకం రెండు సీసాలు మాత్రమే ఇచ్చారు, మాకు నాలుగు పట్టాయి. దారిలో ఎక్కడా దొరకలేదు.

వంట గురించి ఒక చిన్న మాట. చలి రాత్రి గడిచిన తెల్లవారుజామున గ్యాస్ మంట నీరసంగా వస్తుంది. వంటగ్యాస్ ప్రొపేన్, బ్యూటేన్ వాయువుల మిశ్రమం. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ద్రవంగా మారుతుంది కనుక బయటి అరలో చల్లబడి ఉన్న సిలిండర్‌లో ఒత్తిడి బాగా తగ్గుతుంది. గుంటూరులో ఆరు నిమిషాల్లో పొంగే పాలు అక్కడ పావుగంట తీసుకున్నాయి. కొబ్బరినూనె సీసాలో తెల్లగా గడ్డకట్టి, పాప తల దువ్వడానికి స్టీలు గ్లాసులో వేడినీళ్లు పోసి అందులో నిలబెట్టవలసి వచ్చింది. గోంగూర పచ్చడి, కందిపొడి, నెయ్యి, వేడి అన్నం ఉన్నంతవరకు మాకు తిండికి లోటు లేదు. ఎడారిలో సజ్జ రొట్టెలు, కేర్ సాంగ్రీ కూర కూడా తిన్నాము. సాంగ్రీ అంటే మన జమ్మి చెట్టు కాయలు. దసరాకు మనం పూజించే జమ్మినే అక్కడ ఖేజ్డీ అంటారు, అది రాజస్థాన్ రాష్ట్ర వృక్షం. మామగారు దూరం నుంచే ఆకు చూసి గుర్తుపట్టారు.

డ్రైవర్ గారి గురించి రాయకపోతే ఈ సమీక్ష అన్యాయం అవుతుంది. గన్నవరం వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. ఖూరీలో ఒక జీపువాడు తిన్నెల మీదికి తీసుకువెళతానని, బండి కూడా వెనకే తెచ్చుకోవచ్చని అన్నప్పుడు, నాలుగు టన్నుల బండి టారు దాటి ఒక్క చక్రం కూడా దిగదని ఖచ్చితంగా చెప్పారు. అరగంట తరువాత మా కళ్ల ముందే ఒక కారు ఇసుకలో కూరుకుపోయి, తిరిగిన కొద్దీ చక్రాలు ఇంకా లోతుకు దిగిపోయి, ట్రాక్టరు వచ్చి లాగవలసి వచ్చింది. జైసల్మేర్ కోట 1156లో కట్టిన పాత కోట, లోపల ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు, సందులు బాగా ఇరుకు. కోట కింద ఎక్కడ ఆపాలో, అత్తగారిని ఏ ఆటోలో పైకి పంపాలో అన్నీ ఆయనే కనుక్కొని ఏర్పాటు చేశారు. అలాంటి మనిషికి ఆ బండిలో పడుకోవడానికి స్థలం లేదు. బండి గీసినవారు ఆరు పడకలు లెక్కపెట్టారు గానీ, ఏడో మనిషిని లెక్కపెట్టలేదు. ముందు సీటు వెనక్కి వాల్చుకొని, అద్దాల పక్కన, బండి మొత్తంలో అన్నిటికన్నా చల్లని చోట ఆయన నిద్రపోయారు. రెండో రాత్రి నుంచి మా బొంత ఒకటి ఇచ్చాము, సమ్‌లోను, ఖూరీలోను గుడారంలో మంచం మాట్లాడాము, ఆ డబ్బు మేమే ఇచ్చాము. తెల్లవారితే మన ఆరు ప్రాణాలను ఐదు వందల కిలోమీటర్లు మోసేవాడికి వెచ్చని నిద్ర ఇవ్వడం సౌకర్యాల లెక్కలోకి రాదు, భద్రత లెక్కలోకి వస్తుంది. ఈ విషయంలో నాకు నిజంగా కోపం వచ్చింది, ఆ మాట సంస్థవారికి కూడా చెప్పాను.

అయినా ఖూరీ రాత్రి గురించి చెప్పకుండా ఉండలేను. సమ్‌లో ఉన్నంత సందడి అక్కడ లేదు. ఎనిమిది గంటలకే ఊరు మాటుమణిగింది. తలుపు మెట్టు మీద అత్తగారు రగ్గు కప్పుకొని కూర్చున్నారు, మామగారు పిల్లలకు ఆకాశంలో పిల్లలకోడిని, దాని పక్కన రోహిణిని, మృగశిరను వేలు పెట్టి చూపించారు. నేను పుట్టి బుద్ధెరిగాక అన్ని చుక్కలు చూడలేదు. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, అమ్మాయ్, ఇంత దూరం వస్తానని నేను అనుకోలేదే, అన్నారు. బయట చలిగా ఉందని లోపలికి రమ్మంటే, లోపల మాత్రం ఏమంత వెచ్చగా ఉందిలే అని అక్కడే కూర్చున్నారు.

తిరిగి వచ్చిన వారం తరువాత సంస్థ యజమానికి రెండు పేజీల ఉత్తరం రాశాను. ఆయన ఫోన్ చేసి క్షమించమన్నారు, రెండు రోజుల అద్దె వెనక్కి ఇచ్చారు, అంతకన్నా ముఖ్యంగా, వీలుంటే ఒకసారి ఆటోనగర్ షెడ్డుకు వచ్చి మేస్త్రీకి మీరే చెప్పండని అడిగారు. ఒక ఆదివారం మేమిద్దరం వెళ్లాము. అరవై ఏళ్ల మేస్త్రీ నా ఫోన్‌లో స్క్రూ తలల మీద నీటిబొట్ల ఫోటోను పెద్దది చేసుకొని చాలాసేపు చూశారు. తరువాత బండి పక్కగోడ పలక ఒకటి విప్పి చూపించారు. పైకప్పులో మందమైన రబ్బరు ఫోమ్ ఉంది, పక్కగోడల్లో ఏమీ లేదు. అమ్మా, మనకు ఎండ పైనుంచి కదా వస్తుంది, అందుకని పైనే వేశాం, చలి నాలుగు పక్కల నుంచి వస్తుందని అనుకోలేదు అన్నారు. ఆ మాటలో తప్పు కప్పిపుచ్చుకోవడం లేదు. మే నెలలో విజయవాడ ఎండను చూసినవాడు ఎవరైనా అలాగే కడతాడు. స్క్రూల సంగతికి ఆయన అప్పటికప్పుడే ఒక మార్గం చెప్పారు. ప్లైవుడ్‌ను రేకు ఫ్రేముకు నేరుగా బిగించకుండా మధ్యలో చెక్క బద్ద వేసి, స్క్రూ బద్దలోనే ఆగిపోయేలా పొడవు తగ్గిస్తే ఉక్కు తల బయటి చలిని తాకదు.

మార్చి నెలలో ఆ బండిని మళ్లీ చూశాను. పక్కగోడలకు ఫోమ్ వేశారు, కప్పు స్క్రూలు మార్చారు, గ్యాస్ పొయ్యి పైన కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించారు. డ్రైవర్ కోసం ముందు సీట్ల వెనక మడత పడక ఒకటి పెడుతున్నారు, నేను వెళ్లిననాటికి దాని ఇనుప చట్రం వెల్డింగ్ జరుగుతోంది. డీజిల్ హీటర్ మాత్రం ఇంకా రాలేదు, ఖరీదు ఎక్కువని ఆలోచిస్తున్నారు. అది వచ్చేవరకు జనవరి ఎడారికి ఈ బండిని తీసుకోవద్దని చెబుతాను. నవంబరులో గానీ ఫిబ్రవరి చివరలో గానీ వెళ్లేవారికి, అందులోనూ ఇంట్లో మోకాళ్ల నొప్పులతో ప్రయాణాలు మానుకున్న పెద్దవాళ్లు ఉన్నవారికి, ధైర్యంగా తీసుకోమంటాను. మందపాటి రజాయిలు మనిషికి రెండు చొప్పున, కమోడ్ ద్రావకం నాలుగు సీసాలు, 16 ఆంపియర్ల ప్లగ్ ఉన్న పొడవాటి వైరు మీవే పట్టుకెళ్లండి. బండి తాళాలు తీసుకునే ముందు డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడో చూపించమని అడగండి.